స్కిల్ లేదని కుర్రాళ్ళనే అంటే ఎట్లా?

ఎడిటర్ గారికి నమస్కారం.

2024 జూన్ 13న చంద్రబాబు గారు సీఎంగా పెట్టిన మొదటి ఐదు సంతకాల్లో నైపుణ్య గణన ఒకటి. మంచి పనే. అయితే కుర్రాళ్ళకి పని వచ్చో రాదో లెక్క తీస్తున్నారు సరే, వాళ్ళ చేత చేయించే వాళ్ళకి చేయించడం వచ్చో రాదో ఎవరు చూస్తున్నారండీ?

నేను ఐటీఐ ఫిట్టర్‌ని, బళ్ళ పార్టులు చేసే ఓ కంపెనీలో పదిహేనేళ్ళ పైన చేశాను. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్) మీద పార్టులో రంధ్రం కోస్తుంటే ఇన్సర్ట్ (కోసే చిన్న ముక్క) అరిగేకొద్దీ రంధ్రం సైజు తగ్గిపోతా ఉంటుంది, మా లైన్లో ఓ పిల్లోడు గేజ్ (సైజు సరిచూసే పనిముట్టు) పెట్టి చూసి సార్ టైట్ అవుతోంది ఇన్సర్ట్ మార్చాలి అంటే, టార్గెట్ పడిపోద్ది షిఫ్ట్ అయ్యేదాకా అట్లాగే నడుపు అన్నాడు ఇన్‌చార్జి. తెల్లారి ట్రేలకి ట్రేలు రిజెక్ట్. మెమో మాత్రం పిల్లోడికి. ఇంక ఆ తర్వాత వాడు ఏం చూసినా నోరు తెరవలేదు, ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

తర్వాత వచ్చిన ఇన్‌చార్జి గేజ్ పట్టకపోతే మిషన్ ఆపేయండి, పైవాళ్ళకి నేను చెప్పుకుంటా అన్నాడు, షిఫ్ట్ మారేటప్పుడు పది నిమిషాలు రెండు షిఫ్టుల వాళ్ళనీ నిలబెట్టి మాట్లాడించేవాడు. అవే మిషన్లు, అదే పిల్లోళ్ళు, రిజెక్షన్ తగ్గింది.

అమెరికాలో ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు కూడా ఇంతే, వర్కర్లు పనికే సరిగా రారని పేరు పడి 1982లో మూతపడింది, 1984లో టయోటాతో కలిసి తెరిచినప్పుడు ఎక్కువగా ఆ పాత వర్కర్లనే తీసుకుని, కొన్ని వందల మందిని జపాన్ పంపి నేర్పించి, తప్పు కనబడితే లైన్ ఆపే తాడు వర్కర్ చేతికే ఇచ్చారు. కొన్నాళ్ళకే క్వాలిటీలో జనరల్ మోటార్స్‌కి అదే మంచి ప్లాంటు అయింది.

మైక్రోమీటర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) చదవడం రానోడితో ఎంత మంచి ఇన్‌చార్జి అయినా ఏం చేయలేడు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ కాంట్రాక్ట్ మీద తెచ్చి, చేయి కుదిరేలోపే పంపించేసి, మళ్ళీ కొత్తోళ్ళని పెట్టుకుంటా స్కిల్ లేదు స్కిల్ లేదు అంటే ఎట్లా వస్తుంది?

స్కిల్ ట్రైనింగ్ డబ్బుల్లో కొంత షిఫ్ట్ ఇన్‌చార్జిలకి, సూపర్‌వైజర్లకి కూడా పెట్టండి. ఆ గణనలో పనిచేసేవాళ్ళని ఒక్క ప్రశ్న అదనంగా అడగండి: తప్పు కనబడితే మిషన్ ఆపనిస్తున్నారా?

- ఓ ఫిట్టర్, నాయుడుపేట