మీ వంశవృక్షం పుస్తకంలో నోట్స్ ఎందుకు రాలేదంటే

నమస్కారమండీ. సంక్రాంతి తర్వాత మా దగ్గర వంశవృక్షం పుస్తకం వేయించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. తప్పు మాదే.

పోయిన వారం ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "చెట్టు బాగానే ఉంది బాబూ. మా నాయన దత్తత పోయిన సంగతి ఏదయ్యా? అది లేకపోతే అన్నకో ఇంటిపేరు, తమ్ముడికో ఇంటిపేరు ఎందుకొచ్చిందో నా మనవడికెలా తెలుస్తుంది?" అన్నారు. ఆయన పంపిన ఫైలు తెరిచి చూస్తే ఆ సంగతి పదకొండు వరుసల నోట్‌గా ఉంది. మా పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

మీరు పంపే జెడ్‌కామ్ (GEDCOM) ఫైలు, వంశవృక్షం వివరాలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపుకోవడానికి అమెరికాలో మోర్మన్ చర్చివాళ్లు 1984లో తెచ్చిన పద్ధతి. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ప్రతి వరుస ముందూ ఒక అంకె. 0 ఉంటే కొత్త మనిషో కుటుంబమో మొదలైనట్టు, 1 వాళ్ల వివరం, 2 ఆ వివరానికి వివరం. నోట్స్ ఏరడానికి నేను రాసుకున్న పైథాన్ స్క్రిప్ట్, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, 1 దగ్గరున్న వాటినే తీసుకుంది. పుట్టుక కింద, పెళ్లి కింద రాసినవి వదిలేసింది. కొన్ని సాఫ్ట్‌వేర్లయితే నోట్‌ను విడిగా ఎక్కడో పెట్టి, మనిషి దగ్గర దాని నంబరు మాత్రమే ఉంచుతాయి. పెద్దాయనది అలాంటిదే.

ఇంకోటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. పాత వెర్షన్లలో వరుస 255 అక్షరాలు దాటకూడదు. అందుకని పొడుగు నోట్‌ను విరుస్తారు. తర్వాతి వరుసలో 'కాంట్' అని ఉంటే కొత్త లైను, 'కాంక్' అని ఉంటే ఖాళీ లేకుండా అతికించాలి. వరుస చివరి ఖాళీ ఎగిరిపోతుంది కాబట్టి మాట మధ్యలోనే విరవాలని నియమం. నేనేమో రెంటికీ ఖాళీ పెట్టేశాను. ఇంగ్లిషులో అయితే మాట రెండు ముక్కలై ఊరుకునేది. తెలుగులో గుణింతం ఊడిపోయింది. ఒక పుస్తకంలో "కోడలు"లోని క ఒకచోట పడింది, దాని ఓత్వం చుక్కల సున్నా మీదెక్కి పక్కన కూర్చుంది. ప్రూఫ్ చూసింది నేనే. ఫాంట్ తేడా అనుకుని వదిలేశాను. 2021లో వచ్చిన జెడ్‌కామ్ 7.0 వెర్షన్లో ఈ కాంక్ తీసేశారు గానీ, మాకు వచ్చేవన్నీ పాత వెర్షన్ ఫైళ్లే.

స్క్రిప్ట్ సరిచేసి, మీ ఫైళ్లన్నీ మళ్లీ నడిపాను. నోట్స్ పోయిన పుస్తకాలు మళ్లీ వేసి పంపుతాం, కొరియర్ ఖర్చు కూడా మాదే. పాతది తిప్పి పంపక్కర్లేదు. దీనివల్ల కొత్త ఆర్డర్లు మూడు వారాలు వెనక్కి జరుగుతాయి, ఏమనుకోకండి.

అన్నీ బయటికొచ్చేసరికి మరో చిక్కు. ఒక ఫైల్లో, బతికే ఉన్న బాబాయి పేరు కింద "గట్టు తగాదా, పెళ్లికి పిలవొద్దు" అని ఉంది. ఎవరో తమ గుర్తు కోసం రాసుకున్నది కాస్తా అచ్చుకెళ్లిపోయేదే! అందుకని ఇకమీదట ఏరిన నోట్స్ ముందు మీకే వాట్సాప్ చేస్తాం. మీరు కొట్టేసినవి పోను మిగిలినవే వేస్తాం. చూడటానికి వారం టైం తీసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకూ చూపించండి. ఆ బాబాయికి తప్ప.

పెద్దాయన పుస్తకం శుక్రవారం బైండింగుకు వెళ్తోంది. దత్తత సంగతి పదకొండు వరుసలూ నేనే కూర్చుని ఫైలుతో పోల్చి చూశాను.