తొతొనికపాన్ నోటుబుక్కు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. రెండు వారాలు గ్వాటెమాలా వెళ్లొచ్చాను. ఫోన్‌లో చెప్పబోతే నాలుగు ముక్కల్లో తేలిపోతుందని కూర్చుని రాస్తున్నా.

మా పక్క వాటాలో ఉండే ఆయన గురించి నీకు చెప్పాను కదా, ఇళ్లకి పైకప్పులు వేసే ఆయన. ఇన్నాళ్లూ మెక్సికో మనిషి అనుకున్నా. కాదట, మాయా ఆదివాసీ. ఇంట్లో మాట్లాడేది కిచే భాష. ఊరు గ్వాటెమాలాలో తొతొనికపాన్ పక్కన. అటువైపు వాళ్లు ఇక్కడ హ్యూస్టన్‌లో చాలామందే ఉన్నారు, 1980ల నుంచీ వస్తున్నారు. ఈయనకి ఇక్కడ కాగితాలు లేవు. పద్నాలుగేళ్లయింది ఊరు చూసి. నేను వెళ్తున్నానని తెలిసి వాళ్లమ్మకి ఒక స్వెటరూ బూట్లూ, తమ్ముడికి ఒక కవరూ ఇచ్చాడు. కవరులో డబ్బుంది. "ఊరి పనికి" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

గ్వాటెమాలా సిటీ నుంచి బస్సులో కొండలెక్కుతూ వెళ్లాలి. దారిలో అలాస్కా అనే శిఖరం దాటాం, పేరుకి తగ్గట్టే చలి. 2012 అక్టోబరు 4న అక్కడే సైన్యం కాల్పుల్లో ఆరుగురు కిచే మనుషులు చచ్చిపోయారు. కరెంటు ఛార్జీలు ఎక్కువయ్యాయని, ఇంకా కొన్ని డిమాండ్లతో రోడ్డు మీద కూర్చున్నవాళ్లు. పక్క సీట్లో ముసలాయన కిటికీలోంచి చూసి టోపీ తీశాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. తొతొనికపాన్‌లో 48 క్యాంటన్లు ఉన్నాయి, మన పల్లెల్లాంటివే అనుకో. ప్రతి ఊరూ సభ పెట్టుకుని తన పెద్దల్ని తనే ఎన్నుకుంటుంది. ఎన్నికైనవాళ్లు ఏడాదిపాటు జీతం లేకుండా పనిచేయాలి. పైనుండే పెద్దకి చేతికర్ర ఇస్తారు, అది అధికారానికి గుర్తు. కింద నీళ్లు చూసేవాళ్లు, అడవి చూసేవాళ్లు, కబుర్లు మోసేవాళ్లు. ఏ ఇంటి వంతు వస్తే ఆ ఇంటి నుంచి ఒకరు చేసి తీరాలి. ఈ సేవని వాళ్లు "కష్‌కొల్" అంటారు. కష్ అంటే నొప్పి, బాధ. నేను ఉలిక్కిపడ్డానురా! మన "కష్టం" లాగే లేదూ? సంబంధం ఏమీ లేదు, ఊరికే కలిసింది. కానీ ఆ క్షణం నుంచి ఆ మాట నాకు పరాయిదిగా అనిపించలేదు.

ఈ ఏడాది వంతు మా పక్కింటాయన ఇంటిది. ఆయన లేడు కాబట్టి తమ్ముడు చేస్తున్నాడు, నీళ్ల కమిటీలో. వడ్రంగి అతను. పొద్దున్నే పైపులు చూసుకోవడానికి కొండెక్కితే, దుకాణం మధ్యాహ్నానికి గానీ తెరవడు. ఆ లోటు పూడ్చడానికే అన్న పంపిన డబ్బు. నన్నూ ఒకరోజు ఊట దగ్గరికి తీసుకెళ్లాడు. పైన్ చెట్ల మధ్య చిన్న సిమెంటు తొట్టి. మూత తీసి, చేత్తో ఆకులు తోడేసి, తుప్పు పట్టిన వాల్వు తిప్పాడు. ఆ అడవి 20 వేల హెక్టార్ల పైమాటే, అందరిదీ. వంతు చేసినవాడికి నీళ్లుంటాయి, కట్టెలుంటాయి, పోయాక శ్మశానంలో చోటుంటుంది. చేయనివాడికి కష్టమే.

సాయంత్రం ఒక నోటుబుక్కు చూపించాడు. గళ్ల కాగితం, అట్ట చిరిగితే టేపు అంటించారు. ఇంటింటి పేర్లు, పక్కన టిక్కులు. మా పక్కింటాయన పేరు అందులో ఇంకా ఉంది శీనూ. పద్నాలుగేళ్లుగా. ఇక్కడ అమెరికాలో ఏ పుస్తకంలోనూ లేని పేరు!

మనం మాయా అనగానే పిరమిడ్లు, క్యాలెండరు అనుకుంటాం. బయటివాళ్లయితే ఆడవాళ్ల రంగురంగుల ఉయిపిల్ జాకెట్టు చూసి గుర్తుపడతారు. గ్వాటెమాలా 2018 జనాభా లెక్కల్లో దాదాపు 42 శాతం మంది తాము మాయా అని చెప్పుకున్నారు. 1985 రాజ్యాంగం వాళ్ల దుస్తుల్ని, భాషల్ని గౌరవిస్తానంటుంది. 1995లో వాళ్ల హక్కుల మీద ఒప్పందం కూడా అయింది. తీరా దాన్ని రాజ్యాంగంలో రాద్దామని 1999లో ప్రజల ముందు పెడితే ఓడిపోయింది. ఓటేసినవాళ్లే 20 శాతానికి తక్కువ. అంతర్యుద్ధంలో 2 లక్షల మందికి పైగా పోయారనీ, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా వాళ్లనీ నిజ నిర్ధారణ సంఘం చెప్పిన ఏడాదే అది. నాకు కడుపు మండింది.

అంత జరిగాక కూడా 2023లో దేశం ఓటుని కాపాడింది వాళ్లే. ఆగస్టులో దేశాధ్యక్ష ఎన్నికల్లో అరేవాలో గెలిచాడు. ప్రాసిక్యూటర్లు ఓట్ల లెక్కల కాగితాలు ఎత్తుకెళ్లి ఫలితాన్ని తారుమారు చేయబోయారు. అక్టోబరు 2న 48 క్యాంటన్లూ మిగతా ఆదివాసీ పెద్దలూ రోడ్లు ఆపేశారు. ఆ తర్వాత రాజధానిలో ఆ ప్రాసిక్యూటర్ల ఆఫీసు ముందే 100 రోజులకి పైగా కూర్చున్నారు, జనవరిలో అరేవాలో పదవిలోకి వచ్చేదాకా. అన్ని రోజులు ఎలా కూర్చున్నారని అడిగా. "వంతులు వేసుకున్నాం" అన్నాడు తమ్ముడు. నీళ్లకి వేసుకున్నట్టే! అప్పట్లో 48 క్యాంటన్లకి అధ్యక్షుడైన లూయిస్ పచేకో తర్వాత ఉపమంత్రి అయ్యాడు. 2025 ఏప్రిల్‌లో ఆ ధర్నా పేరుతోనే ఉగ్రవాదం కేసు పెట్టి అరెస్టు చేశారు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నా.

అన్నీ బాగున్నాయని కాదురా. వంతు అంటే పేదింటికి పెద్ద భారం. మగాళ్ల పేర్లే ఎక్కువ కనబడతాయి, ఇంట్లో వంటా పొలమూ చూసుకుని ఆ వంతుని మోసేది మాత్రం ఆడవాళ్లు. 2012లో, ఆ కాల్పుల ఏడాది, 48 క్యాంటన్ల అధ్యక్షురాలు కార్మెన్ తకమ్ అనే ఆవిడ. అలాంటివాళ్లు ఇంకా రావాలి. మన ఏజెన్సీ గ్రామసభలు గుర్తొచ్చాయి. గ్రామసభకి అధికారమిచ్చే పీసా చట్టం 1996లో వచ్చి ఇన్నేళ్లయినా, చాలాచోట్ల సంతకాలకే పిలుస్తారు. అక్కడ సభ చెబితే రోడ్డు ఆగింది.

తిరిగొచ్చాక పక్కింటాయనకి ఫోటోలు చూపించా. అమ్మ ఫోటో చాలాసేపు చూశాడు. తర్వాత నోటుబుక్కు పేజీని వేళ్లతో పెద్దది చేసి, వరసగా టిక్కులు లెక్కపెట్టుకున్నాడు. మార్చిలో ఒకటి తక్కువుందట. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి అడిగాడు.

అమ్మమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి. మన ఊళ్లో చెరువు నీళ్లకి ఇప్పుడు వంతులు ఉన్నాయా, ఎవరు చూస్తున్నారో కనుక్కో.

నీ
రవి