ముఖం ఎముకలకి ఏడు రోజుల గడువు సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం,

రోడ్డు యాక్సిడెంట్ అయినవాళ్ళకి క్యాష్‌లెస్ ట్రీట్‌మెంట్ స్కీమ్ అని కేంద్రం 2025 మేలో తెచ్చింది కదండీ, యాక్సిడెంట్ రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా. మంచి స్కీమే, కాదనను. కానీ ముఖం ఎముకలు విరిగినవాళ్ళకి ఆ ఏడు రోజుల లెక్క కుదరదు, అది చెబుదామనే రాస్తున్నా.

మా బావమరిది ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు మీద బైక్ నుంచి పడ్డాడు. పెట్టుకుంది సగం హెల్మెట్, తలకేం కాలేదు గానీ చెంప ఎముక, కంటి కింద ఎముక విరిగాయి. ముఖం వాచిపోయి కన్నే తెరుచుకోలేదు, కాస్త తగ్గాక చూస్తే ఒక మనిషి ఇద్దరిలా కనబడుతున్నాడన్నాడు, చెంప, పై పెదవి మొద్దుబారిపోయాయి. కంటి కిందుండే ఎముక కాగితమంత పల్చన, అది విరిగితే కంటి చుట్టూ ఉన్న కొవ్వు, కండ కిందున్న సైనస్ అనే ఖాళీలోకి జారుతుంది, చూపు రెండుగా కనబడేది అందుకే. కింది కనురెప్ప లోపల్నుంచి కోసి అక్కడ టైటానియం మెష్ (జల్లెడ లాంటి పల్చని రేకు) పెట్టారు, చెంప ఎముకకి సన్న ప్లేట్లు, స్క్రూలు వేశారు.

అయితే వాపు మీద ఆపరేషన్ చేస్తే రెండు చెంపలూ సమానంగా కుదిరాయో లేదో తెలీదని డాక్టర్లు చాలా కేసుల్లో కొన్ని రోజులు ఆగుతారు, మరీ ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుపోయి మళ్ళీ విరగ్గొట్టాలి కాబట్టి మామూలుగా రెండు వారాలు దాటనివ్వరు. (పిల్లల్లో కండ ఎముక సందులో ఇరుక్కుంటే మాత్రం ఆగకూడదు, వెంటనే చేయాలి.) ఎముకలో పెద్ద ముక్క పోయినవాళ్ళకైతే కొన్నిసార్లు సీటీ స్కాన్ కొలతలతో పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో ఆ ముక్కని ప్రత్యేకంగా చేయిస్తారు, అది తయారై రావడానికే టైమ్ పడుతుంది. ఈలోపు స్కీమ్ గడువు అయిపోతుంది, అసలు ఖర్చు మొదలయ్యేదే అప్పుడు!

ఇంకోటి, గుండెకి వేసే స్టెంట్లకి, మోకాలి ఇంప్లాంట్లకి 2017లోనే సీలింగ్ ధర (అంతకు మించి అమ్మకూడదని) పెట్టారు, ముఖానికి వేసే ఈ ప్లేట్లకి, మెష్‌లకీ పెట్టాలి. మాకిచ్చిన బిల్లులో ఇంప్లాంట్స్ అని ఒకటే లైను, ఎన్ని ప్లేట్లో, ఏ కంపెనీవో లేదు. ప్లేట్ల ప్యాకెట్ మీద లాట్ నంబర్ (తయారైన బ్యాచ్ నంబర్) స్టిక్కర్ ఉంటుంది, దాని కాపీ అడిగి తీసుకోండి, రేపు ఇన్ఫెక్షన్ వచ్చి ప్లేట్ తీయాల్సొస్తే పనికొస్తుంది.

ఏడు రోజుల్లోపు డాక్టర్ ఆపరేషన్ కావాలని రాసిస్తే, అది తర్వాత వారంలో జరిగినా ఆ లక్షన్నరలోంచే కట్టేలా రూల్ మార్చాలి. మన ఎంపీలు పార్లమెంటులో ఈ సంగతి అడిగేలా మీ పేపర్ గట్టిగా రాయాలని కోరుతున్నా.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు