పులసకు మొప్ప ఎత్తి చూస్తాం, అడవి పందికి ఏం చూస్తున్నాం?

సంపాదకుల వారికి నమస్కారం.

గోదావరి మధ్య ఉండే లంక భూముల్లో కంద, అరటి, మొక్కజొన్న వేసే రైతులకు అడవి పందుల బెడద ఎంతటిదో కొత్తగా చెప్పనక్కర్లేదు. నష్టపరిహారం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాస్తున్నది పంది చచ్చాక జరిగేదాని గురించి. "పంది పడిందండీ, మీ వాటా ఉంచమంటారా?" అని ఫోను వస్తుంది, చీకటి పడ్డాక నల్ల సంచిలో మాంసం ఇంటికి చేరుతుంది. అడవిది అన్న ఒక్క మాటకే జనం అడిగినంత ఇచ్చేస్తున్నారు.

సరే, రుచి సంగతే మాట్లాడుకుందాం. అమెరికాలోని టెక్సాస్‌లో అడవిపట్టిన పందులు పంటలు పాడుచేస్తాయి కనుక వాటి వేటకు అక్కడ అనుమతి ఉంది. తినడానికి వేటాడేవాళ్లు చూసి ఏరుకుంటారు. కోరలు తిరిగిన ముదురు మగపంది వాళ్లకు ఫొటోకే గాని కూరకు పనికిరాదు. ఈడొచ్చిన మగపంది కొవ్వులో ఆండ్రోస్టెనోన్, స్కటోల్ అనే పదార్థాలు పేరుకుంటాయి, పొయ్యి మీద పెట్టగానే మూత్రం కంపు కొడుతుంది. ఆ వాసన అందరి ముక్కులకూ ఒకేలా అందదు. ఒకే కూరను ఒకరు లొట్టలేస్తూ తింటుంటే పక్కవారు విస్తరి ముందు నుంచి లేచిపోయేది అందుకే. పిల్లలకు పాలివ్వని లేత ఆడపంది, గింజలూ దుంపలూ తిని కండ పట్టినది, ఒక్క గుండుకు పడినది, పడిన వెంటనే పేగులు తీసి చల్లబరిచినది అయితేనే వాళ్లు మంచి మాంసం అంటారు.

మావైపు కోరలు ఎంత పెద్దవైతే గిరాకీ అంత ఎక్కువ! పైగా ఆ పంది తన కోసం పొలం గట్టున లాగిన కరెంటు తీగకు తగిలి, కడుపులో పేగులతోనే తెల్లవారేదాకా పొలంలో పడి ఉంటుంది. మన ఉక్కలో ఆ కొన్ని గంటలు చాలు. లేదా ఎరలో పెట్టిన నాటుబాంబు కొరికి దవడ పగిలి, ఎక్కడో డొంకలో విలవిల్లాడి చస్తుంది. పులస కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి, బేరమాడి గాని డబ్బు తీయని మనవాళ్లు ఇక్కడ మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగరు. సముద్రంలో పట్టిన విలసను గోదావరి పులసగా అంటగట్టే చోట, మురుగు కాలువల్లో తిరిగే పందిని అడవి పందిగా అమ్మడం లేదని ఎవరు చెప్పగలరు?

పంది మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండవచ్చు. ముక్క లోపలి దాకా 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే గాని భయం తీరదు. అడవి జంతువుల్లో కనిపించే కొన్ని రకాలైతే ఫ్రీజర్‌లో గడ్డకట్టినా చావవు. వట్టి చేతులతో కోసేవారికి బ్రూసెల్లా, లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదం వేరే ఉంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పంది రక్షిత జంతువు. 2022 సవరణ దాన్ని రెండో షెడ్యూలులో చేర్చింది. చంపిన జంతువూ దాని మాంసమూ ప్రభుత్వ ఆస్తి. అయితే పంటకు ప్రమాదం ఉన్నప్పుడు అధికారి లిఖితపూర్వకంగా చంపడానికి అనుమతించే వీలు అదే చట్టంలోని 11వ సెక్షన్‌లో ఉంది. కేరళలో 2022 నుంచి ఆ అనుమతి ఇచ్చే అధికారం స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించారు.

మన జిల్లాల్లోనూ పంట కాలంలో శిక్షణ ఉన్న తుపాకీదారులను అనుమతితో లంకల్లోకి పంపి, కళేబరాన్ని అధికారుల ఎదుటే పూడ్పించాలి. తినే వీలు కూడా ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు, చట్టం మార్చి, పశువైద్యుడి పరీక్ష పెట్టి ఇవ్వమనండి. దానికి ఎంత కాలం పట్టినా కరెంటు తీగల తొలగింపు మాత్రం ఆగకూడదు. రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనుషులు వాటికి బలైన వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. రబీ మొక్కజొన్న కంకి వేసేలోపే విద్యుత్ సిబ్బంది లంకల్లోని మోటారు లైన్లన్నీ తనిఖీ చేసి, పొలం గట్ల మీదికి లాగిన తీగలు తొలగించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లంక రైతు,
కోనసీమ