జాతర వీధిని మూస్తే పూర్తిగా మూయాలి

సంపాదకుడు గారికి,

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో గంగ జాతర వచ్చిందంటే ఏటా ఇదే తంతు. పొంగళ్లు పెట్టే వీధికి అడ్డంగా సాయంత్రం ఎవరో ఒక ముళ్లకంప లాగి పడేస్తారు. అప్పటికే అక్కడిదాకా వచ్చేసిన కారుకు వెనక్కి తిరిగే జాగా ఉండదు. హారన్లు, వాదులాట, చివరికి 'ఈ ఒక్క బండినీ పోనీండి' అంటూ కంప పక్కకు జరపడం. దాని వెనకే మరో పది బండ్లు. పొయ్యిల మీద కుండలు పొంగుతుండగా, చుట్టూ పిల్లలు తిరుగుతుండగా, వాళ్ల మధ్య నుంచి కార్లు దూరుతుంటే చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. సగం మూసిన వీధి తెరిచిన వీధి కన్నా ప్రమాదం, ఎందుకంటే బండ్లు రావనుకుని జనం రోడ్డు మీదే కూర్చుంటారు.

మొదట తేల్చుకోవాల్సింది ఆ రోడ్డు ఎవరిదని. పంచాయతీ సిమెంటు రోడ్డయితే పంచాయతీ తీర్మానం, పోలీసు స్టేషనులో అర్జీ కావాలి. ఆర్‌ అండ్‌ బీ రోడ్డయితే ఆ శాఖకూ, బస్సు తిరిగే దారయితే ఆర్టీసీ డిపో మేనేజరుకూ కాగితం పోవాలి. చాలా కమిటీలు నోటిమాటతో సరిపెట్టుకుంటాయి. ఎస్సై బదిలీ అయితే ఆ మాట కూడా ఆయనతోనే పోతుంది. వాహనాలను ఆపే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చినవారు గానీ ఉత్తర్వు ఇవ్వాలి, కమిటీ తనంతట తాను రోడ్డు మూయడానికి లేదు. అయితే నెల రోజులకు మించని కట్టడికి గెజిట్ ప్రకటన అక్కర్లేదు, స్థానికంగా అందరికీ తెలిసేలా చెబితే చాలు. ఆ చెప్పే పద్ధతి మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. జాతర చాటింపు వేసే రోజే ఏ వీధి, ఏ గంట నుంచి ఏ గంట దాకా మూస్తారు, బండ్లు ఏ దారిన పోవాలి అన్నది కూడా పలక (డప్పు) కొట్టి చెప్పించవచ్చు.

అడ్డు రెండుచోట్ల ఉండాలి. మొదటిది వీధికి బాగా ముందు, కారు సులువుగా మళ్లిపోగల కూడలిలో, దారి మళ్లింపు బోర్డుతో. బస్సునైతే దాదాపు 80 అడుగుల ఖాళీ జాగా ఉన్నచోటే ఆపాలి. రెండోది వీధి మొగదల. రాత్రిపూట తాడు గానీ తీగ గానీ కట్టకండి, బైకు లైటుకు అది కనపడదు, నేరుగా మెడకు తగులుతుంది. 200 లీటర్ల డ్రమ్ములను సగం దాకా ఇసుకతో నింపి, మెరిసే టేపు చుట్టి, వాటిపై ఎత్తి తీయగలిగేలా వెదురు బొంగు పెట్టాలి. ఖాళీ డ్రమ్మును కాలితో నెట్టేస్తారు. ట్రాక్టరు ట్రాలీని అడ్డం పెడితే గట్టిగానే ఉంటుంది, కానీ ఇంజను తగిలించే ఉంచాలి, తాళంతో డ్రైవరు అక్కడే కూర్చోవాలి. అతను అన్నానికి వెళ్లిన సమయంలో 108 వస్తే ఏం చేస్తారు?

లోపల 12 అడుగుల దారి వదిలి సున్నంతో గీత గీయాలి. పొయ్యిలన్నీ వీధికి ఒకే పక్క వరసగా ఉండాలి. రెండు పక్కలా రానిస్తే, పొద్దు గూకేసరికి ఆ దారి మూసుకుపోతుంది, ఫైరింజను రాదు. పందిరి గుంజలకు సిమెంటు రోడ్డు పగలగొట్టొద్దు. ఇసుక నింపిన డబ్బాల్లో నిలబెడితే సరిపోతుంది. జాతర అయ్యాక గుంజల కోసం తవ్విన గుంతలను ఎవరూ పూడ్చరు, వానాకాలంలో బైకులు పడేది వాటిలోనే. చప్పరం (అమ్మవారిని ఊరేగించే అలంకరించిన వాహనం) ఊరేగే ఊళ్లలో తీగల సంగతి ఇంకా ముఖ్యం. వీధికి అడ్డంగా పోయే ఎల్టీ (తక్కువ వోల్టేజీ) కరెంటు తీగ నేల నుంచి కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది నిబంధన. జారిన తీగలను బొంగుతో పైకి ఎత్తి చప్పరాన్ని దాటించే అలవాటు ప్రాణాలు తీస్తుంది. ముందే లైన్‌మన్‌కు చూపించి, ఊరేగింపు సమయానికి కరెంటు తీయించి, ఆయన చెప్పాకే కదలాలి.

ఊరివాళ్ల అవసరాలు కూడా ఆగకూడదు. పాల వ్యాను రెండు పూటలా వస్తుంది కాబట్టి ఆ రోజులకు పాలు పోసే చోటును అడ్డుకు బయటికి మార్చాలి. మామిడికాయల ట్రాక్టర్లకు పక్కదారి చూపాలి. నెలలు నిండిన గర్భిణుల ఇళ్లు ఆశా కార్యకర్తకు తెలుసు. ఆ జాబితా అడ్డు దగ్గర కాపలా ఉండేవాళ్ల చేతిలో ఉంటే, ఎవరికోసం బొంగు ఎత్తాలో వాదించుకునే పని ఉండదు. కాపలాకు ఒక్కో మొగదల ఇద్దరు, మూడు గంటలకోసారి మారుతూ ఉండాలి. కుర్రాళ్లకు అప్పగించి పెద్దలు వెళ్లిపోతే ఆ అడ్డు నిలవదు.

ఇన్ని ఆఫీసుల చుట్టూ తిరగలేకే కమిటీలు కంపతో సరిపెడుతున్నాయి. రెండు జిల్లాల కలెక్టర్లు, ఎస్పీలు జాతరలకు నెల ముందే ప్రతి మండలంలో ఒకరోజు పెట్టి, పోలీసు, పంచాయతీ, విద్యుత్, ఆర్టీసీ వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అనుమతులు ఇప్పించాలని కోరుతున్నాం. మూసే గంటతో పాటు తెరిచే గంట కూడా ఆ ఉత్తర్వులోనే రాయించాలి.

– గ్రామ జాతర కమిటీ సభ్యులు, పాకాల మండలం