బ్రాడ్‌బరీ ఇల్లు, మధురవాడ ఫ్లాటు

సంపాదకులకు,

విశాఖలో మధురవాడ, ఎండాడ, పీఎం పాలెం వైపు కడుతున్న అపార్ట్‌మెంట్ల బ్రోచర్లలో ఇప్పుడు 'స్మార్ట్ హోమ్', అంటే లైట్లు, గీజరు, మోటారు ఫోన్‌తో నడిచే ఇల్లు, అన్న మాట బాగా వినిపిస్తోంది. సైన్స్ ఫిక్షన్‌లో చదివిన ఇల్లు చేతికొచ్చినట్టే ఉంటుంది. కానీ ఆ కథలు రాసినవాళ్లు ఇల్లు ఎలా నడుస్తుందో చెప్పి ఊరుకోలేదు, ఎలా చెడుతుందో కూడా చెప్పారు. బ్రోచర్లలో ఆ రెండో సంగతి ఉండదు.

అమెరికన్ రచయిత రే బ్రాడ్‌బరీ 1950 నాటి కథ 'దేర్ విల్ కమ్ సాఫ్ట్ రెయిన్స్' కాలిఫోర్నియాలో, 2026 ఆగస్టులో జరుగుతుంది. అణుబాంబుకు మనుషులు పోయారు. ఇల్లు మాత్రం వేళకు టిఫిను చేస్తూ, స్నానాలతొట్టి నింపుతూనే ఉంటుంది. చివరికి దాన్ని కూల్చింది గాలికి విరిగిన చెట్టుకొమ్మ. అది వంటింటి కిటికీలోంచి పడుతుంది, క్లీనింగ్ ద్రావకం సీసా పగిలి పొయ్యి మీద ఒలుకుతుంది. మంటలు ఆర్పడానికి ఇల్లే నీళ్లు చిమ్ముతుంది గానీ అవి కాసేపటికి ఆగిపోతాయి. స్నానం చేసే మనిషి లేకపోయినా రోజూ తొట్టి నింపి, గిన్నెలు కడిగి, నిల్వ నీరంతా అప్పటికే అవగొట్టేసింది మరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖకు చెట్టు విరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మనిషి లేని ఇంట్లో నీళ్లు కాగడం కథల్లోనే కాదు. స్మార్ట్ స్విచ్ మాడ్యూల్‌లో (స్విచ్చును ఫోన్‌తో నడిపించే చిన్న పెట్టె) కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న సెట్టింగు ఒకటుంటుంది: ఆఫ్, ఆన్, లేదా పోకముందు ఎలా ఉందో అలా. ఈ మూడోది పెట్టి ఉంటే, గీజరు వేసి ఉండగా కరెంటు పోయి, ఇంట్లోవాళ్లు తాళం వేసి ఊరెళ్లిపోయినా, కరెంటు రాగానే గీజరు మళ్లీ వెలుగుతుంది. మోటారైతే ఇంకా ప్రమాదం. సంపు ఎండిపోయినప్పుడు తిరిగితే సీలు కాలిపోతుంది. గీజరు, మోటారు, ఇస్త్రీపెట్టె ప్లగ్గు, ఈ మూడింటికీ 'ఆఫ్' పెట్టించాలి. నీటిమట్టాన్ని బట్టి మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ సంపులో ఒకటి, పైట్యాంకులో ఒకటి పెట్టి, మోటారుకు వైరుతోనే కలపాలి. ఫోన్‌లోని టైమరుకు ట్యాంకులో నీళ్లున్నాయో లేవో తెలియదు.

మాడ్యూల్‌లో కరెంటును కలిపి విడదీసే లోపలి స్విచ్చు, అంటే రిలే, చాలావాటిలో 10 ఆంపియర్లది. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది, అంటే అప్పటికే అంచున ఉన్నట్టు. 3 కిలోవాట్లదైతే 13. ఇక మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. దాంతో రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఫోన్‌లో 'ఆఫ్' అని కనబడుతుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. మాడ్యూల్ కాంటాక్టర్‌ను (పెద్ద లోడ్లను తట్టుకునే స్విచ్చు) నడపాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. డబ్బులు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు మొదట తీసేసేది ఈ కాంటాక్టర్‌నే.

పాత ఇళ్లలో పెట్టించుకునేవాళ్లు ముందు స్విచ్ బోర్డులో న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఉందో లేదో చూసుకోవాలి. ప్లగ్గు ఉన్న బోర్డులో అది ఉంటుంది. ఉత్త స్విచ్చులే ఉన్న బోర్డులో తరచు ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు, ఒక్కటే వచ్చి ఉంటుంది. న్యూట్రల్ అక్కర్లేదని అమ్మే మాడ్యూళ్లు బల్బు గుండానే కాస్త కరెంటు పోనిస్తాయి, అందుకే కొన్ని ఎల్ఈడీలు ఆపాక కూడా మిణుకుమిణుకుమంటాయి.

మన ఊరికి ఉప్పుగాలి బాధ అదనం. బీచ్‌రోడ్డు, రుషికొండ ప్రాంతాల్లో బాల్కనీలో పెట్టిన సెన్సర్ల లోపల రాగి పచ్చబడి పోతుంది. ఐపీ65 డబ్బా (దుమ్ము, నీటి చిమ్ముళ్లు లోపలికి పోనివ్వనిది), పైపూత వేసిన సర్క్యూట్ బోర్డు అడగండి. వైరు డబ్బా అడుగు నుంచే ఎక్కించాలి. పైనుంచి దూరిస్తే వాననీరు వైరు పట్టుకుని లోపలికి దిగుతుంది, ఇక ఐపీ65 అయినా ఒకటే, కాకపోయినా ఒకటే.

ఇన్వర్టర్ లెక్క కూడా చూడండి. ఏ పనీ లేకపోయినా ఒక్కో మాడ్యూల్ ఒక వాటు దాకా తింటుంది. ఇరవై మాడ్యూళ్లు, 10 వాట్ల రౌటరు కలిపి 30 వాట్లు, రోజుకు 720 వాట్ అవర్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉన్నా, చేతికి 1,200 వస్తే గొప్ప. ఇల్లు మేలుకొని ఉండటానికే సగానికి పైగా పోతే, మిగిలింది ఒక ఫ్యానుకు ఆరు గంటలు. తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఈ లెక్కే పనికొస్తుంది.

ఇక క్లౌడ్, అంటే ఇంట్లోని వస్తువులు ఇంటర్నెట్‌లో ఉండే కంపెనీ సర్వర్ మీద ఆధారపడి నడవడం. రివాల్వ్ అనే హబ్ (ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే పెట్టె) కొన్నవాళ్లకు 2016లో కంపెనీ సర్వర్ ఆపేయగానే ఆ పెట్టె ఎందుకూ కొరగాకుండా పోయింది, వస్తువు పాడవకుండానే. ఇంట్లోనే నడిచే హబ్ ఉందా, ఇంటర్నెట్ లేకపోతే ఏవేవి పనిచేస్తాయి అని బిల్డర్‌ను రాతపూర్వకంగా అడగాలి. స్మార్ట్ తాళానికి మామూలు తాళంచెవి రంధ్రం ఉండాలి. బ్యాటరీ అయిపోతే బయటి నుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి తెరిచే ఏర్పాటు కూడా ఉంటే ఇంకా నయం.

ఫ్లాటు అప్పగించే రోజు రౌటరు ప్లగ్గు పీకేసి, గోడ మీద స్విచ్చులన్నీ నొక్కి చూడండి. తర్వాత మెయిన్ ఆఫ్ చేసి, పది నిమిషాలాగి వేసి, ఏవేవి వాటంతటవే వెలిగాయో రాసుకోండి. ఆ కాగితం మీద బిల్డర్ మనిషి చేత సంతకం పెట్టించాకే తాళాలు తీసుకోండి.

- ఇళ్ల వైరింగ్ పనిచేసే కొందరు, విశాఖపట్నం