కంపోస్టు యార్డు ఎత్తెయ్యొద్దు, పత్తికట్టె కొనండి

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ మాది. సెప్టిక్ ట్యాంకుల మడ్డిని, మురుగునీటి శుద్ధిలో మిగిలే బురదను కంపోస్టు చేసే యార్డు ఊరి చివర ఉంది. దాని కంపు భరించలేక కాలనీవాళ్లు యార్డు ఎత్తెయ్యాలని ధర్నాకు కూర్చుంటే, మున్సిపాలిటీవాళ్లేమో సువాసన మందు కొట్టిస్తున్నాం కదా అంటున్నారు. నేనూ ఆ కాలనీలోనే ఉంటాను, పొద్దున్నే కిటికీ తియ్యాలంటే నాకూ టెన్షనే. అయినా ఈ రెండు మాటలూ నాకు ఎక్కలేదు.

యార్డు ఎత్తేస్తే ట్యాంకర్లు ఆగుతాయా? ఇది రాకముందు అవి రాత్రిపూట వాగు పక్కన వాల్వు తిప్పేసి పోయేవి. మళ్లీ అదే మొదలవుతుంది, మన ముక్కుకు దూరమైంది ఇంకొకరి బోరు నీళ్లలో చేరుతుంది.

మందు సంగతంటారా, అది కొట్టిన గంటసేపు పనిచేస్తుందేమో. మురుగు బురదలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. ఒక పాలు నత్రజనికి కర్బనం సుమారు 6 నుంచి 10 పాళ్లే ఉంటుంది, కంపోస్టు సరిగ్గా మాగాలంటే 25 నుంచి 30 పాళ్లు కావాలి. మిగులు నత్రజని అమ్మోనియాగా లేస్తుంది, కళ్లు మండేది అందుకే. పైగా మిషన్‌లో పిండాక కూడా బురదలో 75-80 శాతం నీళ్లే, కుప్ప పోస్తే ముద్దగా అతుక్కుపోయి లోపలికి గాలి పోదు, గాలి ఆడనిచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అదే కుళ్లిన గుడ్ల కంపు. రెండింటికీ విరుగుడు ఒకటే: ఒక వంతు బురదకు రెండు మూడు వంతుల కట్టెముక్కలో, ఇంకేదైనా పొడి సరుకో బాగా కలపడం.

మొన్న లోపలికి వెళ్లి చూస్తే, లారీడు బురద మీద నాలుగు బస్తాల ఊక చల్లి జేసీబీతో ఒక తిప్పు తిప్పారు. గ్లౌజు వేసుకుని ఆ మిశ్రమాన్ని గుప్పిట్లో పిండాను, వేళ్ల సందుల్లోంచి నల్లనీళ్లు కారాయి. చెయ్యి చెమ్మగిల్లాలి గానీ నీళ్లు కారకూడదు. కంపు మరీ ఎక్కువైతే సున్నం చల్లుతామని అక్కడి మేస్త్రీ చెప్పాడు. సున్నంతో గుడ్ల కంపు కాస్త తగ్గినా క్షారగుణం పెరిగి అమ్మోనియా ఇంకా గుప్పున లేస్తుంది. దానికి మళ్లీ సువాసన మందు! ఈ ఖర్చుతో ఎన్ని ట్రాక్టర్ల పొట్టు వచ్చేదో ఎవరైనా లెక్క వేశారా?

ఇంకోటి, కుప్పలు తిరగేసే టైము. కూలీలకు ఎండ తగలకూడదని తెల్లవారకముందే మొదలుపెడుతున్నారు. చలికాలం ఆ వేళకు గాలి కదలదు, చల్లగాలి నేలనంటుకుని ఉంటుంది, కుప్ప విప్పితే లేచిందంతా నేరుగా ఇళ్లమీదికొస్తుంది. నేల వేడెక్కి గాలి పైకి లేచాక, అంటే పదకొండు దాటాక తిప్పితే చాలావరకు చెదిరిపోతుంది. కూలీల బాధ నిజమే, జేసీబీ డ్రైవరుకు నీడ, నడుమ విశ్రాంతి ఇవ్వండి. తిప్పడం మాత్రం మానకూడదు. అమెరికా 1993 నిబంధనల ప్రకారం ఇలా వరసగా పోసే కుప్పల్లో 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు వేడి ఉండాలి, ఆ లోపల కనీసం ఐదుసార్లు తిరగెయ్యాలి. రోగక్రిములు చచ్చేది ఆ వేడికే. మా యార్డులో థర్మామీటరే కనిపించలేదు.

కాలుష్య నియంత్రణ మండలి వాళ్లను పిలిస్తే గాలి పరిమితుల్లోనే ఉందని రాసిచ్చి వెళ్లారు. మన దేశంలో 2009 గాలి నాణ్యతా ప్రమాణాల్లో ఉన్నవి 12 కాలుష్యాలు, అందులో అమ్మోనియా ఉంది గానీ హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. అదేమో వంద కోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లున్నా ముక్కుకు తెలిసిపోతుంది. కాబట్టి ఆ కాగితం చూపించి మీకు అనిపిస్తోందంతే అంటే ఎట్లా ఒప్పుకుంటాం?

పెద్ద మిషన్లు కొనాల్సిన పని కూడా లేదు. 1970లలోనే అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బురద, కట్టెముక్కల కుప్ప కింద పైపులు పరిచి ఫ్యానుతో గాలి లాగి, ఆ గాలిని మాగిన కంపోస్టు దిబ్బలోంచి పంపారు, అందులోని సూక్ష్మజీవులే కంపును తినేస్తాయి. పైపులకు డబ్బుల్లేవంటే కనీసం కొత్త కుప్పల మీద జానెడు మందాన మాగిన ఎరువు కప్పండి, అది యార్డులోనే గుట్టలుగా పడి ఉంది.

పొడి కట్టె ఎక్కడిదంటారేమో. చుట్టూ ఉన్నదంతా పత్తే. ఏరడం అయిపోయాక రైతులు కట్టె పీకి చేలోనే కాలబెడుతున్నారు, ఆ పొగ వేరే గొడవ. ఈసారి నిప్పు పెట్టకముందే మున్సిపాలిటీ ఒక ష్రెడ్డర్ అద్దెకు తీసుకుని, ట్రాక్టరుకు ఇంతని రేటు చెప్పి, కట్టెను ముక్కలు కొట్టించి షెడ్డులో తడవకుండా నిల్వ పెట్టాలి. యార్డు గేటు దగ్గర బోర్డు పెట్టి రోజూ కుప్పల వేడి, తిప్పిన టైము, ఫిర్యాదు నంబరు రాయాలి. ఈ ఉత్తరం జిల్లా పేజీలో వేస్తే కమిషనర్ గారి కంట పడుతుందని ఆశ.

- ఒక పాఠకుడు, ఉమ్మడి వరంగల్ జిల్లా